ఎక్కడో ఏదో కాలింది

సన్నని ధార. రేకు మీద చిన్న మోత.

ఉమ్మడం తెలిసిన నాడే మనిషి నాగరికుడయ్యాడు.

మింగడం జంతువుకూ తెలుసు. పుట్టిన గడియలోనే ప్రతి ప్రాణీ మింగుతుంది. అందుకు గురువు అక్కర్లేదు. కానీ నోట్లో ఉన్న అమృతాన్ని పుట్టుపూర్వోత్తరాలు విచారించి, గుణదోషాలు నిర్ణయించి, కించిత్తు మమకారం లేకుండా, మూడడుగుల దూరంలోని తొట్టిలోకి, గచ్చు మీద చుక్క రాలకుండా విడిచిపెట్టడం — అది వైరాగ్యం. అది విద్య.

అది, నా మట్టుకు, ఉద్యోగం.

నేను టీ రుచి చూసేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళుగా. ఉత్తరపు కిటికీ వెలుగులో పొడవాటి బల్ల. బల్ల మీద తెల్ల కప్పుల బారు. నా చేతిలో లోతైన చెంచా. నా పక్కన చక్రాల మీద కదిలే రేకు తొట్టి. చెంచాడు నోట్లోకి జుర్రుతాను — ఆ చప్పుడు వింటే మా అమ్మ తన పెంపకానికి సిగ్గుపడి ఉండేది — నాలుక మీద గాలి కలుపుతాను, ముక్కు వెనక్కు పంపుతాను, ఒక్క మాట అంటాను, ఉమ్మేస్తాను. ఆ ఒక్క మాటను రాసుకోవడానికి ఒకావిడ నా వెంట నడుస్తుంది. బల్ల వెంబడి మేమిద్దరం అలా సాగుతుంటే దూరం నుంచి ఊరేగింపులా ఉంటుంది.

దగ్గరికొస్తే ఉమ్మడం కనిపిస్తుంది.

ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు.

...అని, పోయిన ఆదివారం మధ్యాహ్నం దాకా నమ్మాను.

*

ఆదివారం మా తోడల్లుడు సీసా తెచ్చాడు.

నా భార్య చెల్లెలి భర్త. గడియారాలు బాగుచేస్తాడు. చేతిలో పట్టకారు, కంటికి భూతద్దం లేనప్పుడు తన ఒంటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు కూర్చుంటాడు. రుచుల శాస్త్రంలో అతడి పాండిత్యం పరిపూర్ణ శూన్యం. మా ఇంట్లో ఏం పెట్టినా "బాగుంది వదినా" అంటాడు. ఉప్పు మరచినా బాగుంది. రెండుసార్లు వేసినా బాగుంది.

ఇటువంటివాడి మీద ఎవరికైనా అసూయ పుడుతుందా?

విస్కీ కూడా అతడిలాంటిదే. స్కాచ్, కానీ నేల మీద నడిచే స్కాచ్. ఎన్నో పీపాల్లోంచి తలా కాస్త తెచ్చి కలిపిన ఉమ్మడి కుటుంబం. అందులో ఒక పొగరుబోతు పెద్దన్న ఉన్నట్టు పైకి వచ్చే పొగ. ఓ మోస్తరు చెప్పుల జత ఖరీదు. సీసా మీద ఏనాడూ ఎవరూ కాపురం ఉండని కోట బొమ్మ.

పొగ సంగతి నాకు తెలుసు. చల్లని దేశంలో, చిత్తడి నేలల్లో, వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి మట్టిగడ్డలా మారతాయి. ఆ గడ్డల్ని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగలో బార్లీ గింజల్ని ఆరబెడతారు. గింజ ఆ పొగను మరచిపోదు. సారా అయినా, పీపాలో ఏళ్ళు గడిపినా, సీసాకెక్కి సముద్రాలు దాటినా — మరచిపోదు.

కుళ్ళు కాలితే పరిమళం.

ఇది పుస్తకాల్లో చదివాను. అనుభవం తరువాత కలిగింది.

నలుగురం ముందుగదిలో కూర్చున్నాం. నా భార్య, మా మరదలు, అతడు, నేను. గ్లాసు మొదట నాకే ఇచ్చారు. అది మర్యాద, ఆ మాటకొస్తే నా హక్కు. గ్లాసును వెలుగుకెత్తాను. వంచాను. గోడల వెంట దిగే తడిని పరిశీలించాను. ముక్కు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. జుర్రాను. కళ్ళు మూశాను. లేచి వెళ్ళి వంటగది తొట్టిలో ఉమ్మి, నోరు పుక్కిలించి, తిరిగొచ్చి కూర్చుని తీర్పు చెప్పాను.

"ధాన్యపు తీపి. పైన తేనె పూత. నడుమ బోలు. పొగ ఉంది గానీ అద్దెకు తెచ్చుకున్న పొగ. నిలవదు."

"బావా, ఇంతకీ బాగుందా బాగాలేదా?" అంది మా మరదలు.

"ఆ ప్రశ్న సామాన్యులు వేసేది."

"సామాన్యులమేగా. చెప్పండి."

నేను చెప్పేలోగా మా తోడల్లుడు తాగాడు. జుర్రలేదు. వెలుగుకెత్తలేదు. ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. గొంతు కదిలింది. మింగేశాడు.

మింగేసి, కిటికీ వైపు చూస్తూ, నెమ్మదిగా అన్నాడు —

"ఎక్కడో ఏదో కాలింది..."

ఆగాడు. నా వైపు చూశాడు.

"ఇప్పుడు దాని మీద వాన పడుతోంది."



నా భార్య నవ్వింది.

*

ఆ నవ్వును వర్ణించడానికి నాకు ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉంది. అయినా చేతకావడం లేదు.

పళ్ళు కనిపించే నవ్వు కాదు. మర్యాద నవ్వు కాదు. ముందు కనుకొలకుల్లో మొదలై, చెంపల మీదుగా దిగి, పెదవుల దగ్గర ఆగి, అక్కడి నుంచి లోపలికి మళ్ళిన నవ్వు. పెళ్ళయిన కొత్తలో నేను చెప్పే కబుర్లకు అలా నవ్వేది. తరువాత ఏమయిందో... కిటికీ తెర రంగు వెలిసినట్టు వెలిసిపోయింది. ఫలానా రోజున అని చెప్పలేం. ఒకనాడు చూస్తే తెల్లగా ఉంది.

ఆ నవ్వు ఇప్పుడు, నా ఇంట్లో, నా కుర్చీకి ఎదురుగా, ఒక గడియారాలవాడి కోసం వెలిగింది.

అక్కడితో ఆగలేదు. వాసన పడదని ఏనాడూ ముట్టుకోని మనిషి గ్లాసు చాపింది.

"ఏదీ, నాకూ ఓ చుక్క పోయండి, మరిదిగారూ."

పోశాడు. తాగింది. కళ్ళు చికిలించింది. మళ్ళీ నవ్వింది.

"అవును," అంది. అంతే అంది.

ఇరవై ఏడేళ్ళలో నేను చెప్పిన ఏ రుచికీ ఆవిడ "అవును" అనలేదు. "ఊఁ" అంది. "సరే" అంది. ఒకసారి "ఇంక పడుకోండి" అంది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటివాడి మాట ఇంకా రుచి అని సామెత చెప్పినవాళ్ళకు తట్టలేదు. వాళ్ళకు తోడల్లుళ్ళు లేరు కాబోలు.

సీసాలో పొగ. నా కడుపులో మంట.

నిప్పు లేనిదే పొగ రాదు. పొగ ఆదివారం చూశాను. నిప్పు నాలోనే ఉందని సోమవారం తెలిసింది.

*

సోమవారం అదే కోట బొమ్మ సీసా ఒకటి కొన్నాను.

మంగళవారం పొద్దున్నే, ఎవరూ రాకముందు, దాన్ని రుచిగదికి తీసుకెళ్ళాను. ఆరు తెల్లకప్పులు బారుగా పెట్టాను. మొదటి దాంట్లో విస్కీ ఒక్కటే. రెండో దాంట్లో ఒక చెంచా నీళ్ళు. మూడో దాంట్లో రెండు. అలా ఆరు దాకా. ఎదుటివాడి సైన్యాన్ని గుడారం గుడారంగా గాలించే సేనాపతిలా, చెంచాతో బయలుదేరాను.

జుర్రాను. ఉమ్మాను. సన్నని ధార. రేకు మీద మోత.

తారు దొరికింది. తడిసిన తాడు దొరికింది. గాయానికి కట్టే గుడ్డ దొరికింది. కోసి మరచిపోయిన ఆపిల్ ముక్క, పాత పుస్తకం అట్ట, అగ్గిపుల్ల ఆరిన మరుక్షణం — అన్నీ దొరికాయి. వానొక్కటే దొరకలేదు.

నాలుగో కప్పు వాసన చూశాను. లేదు. అయిదో కప్పు. లేదు. అంత పొగలో ఒక్క చినుకు లేదు.

అతడికి దొరికింది. మరలు బిగించేవాడికి. ఉప్పు మరచిన సంగతి తెలియనివాడికి.

రాసుకునే ఆవిడ వచ్చింది. అలవాటు చొప్పున కలం తీసి, ఆరో కప్పు మీదికి వంగి, ఆగిపోయింది.

"సార్... ఈ సరుకు ఏ తోటదండీ?"

"కొత్తది."

"కొంచెం బలంగా ఉన్నట్టుంది."

"ఊఁ."

"తొట్టిలో ఉమ్మారు గదండీ మరి?"

"ఉమ్మాను."

"అయితే సరే," అని కలం మూసింది. నా వైరాగ్యం మీద అంత నమ్మకం ఉన్న మనిషి లోకంలో ఆవిడొక్కతే.

ఇంటి దగ్గర పోరు మరో విధంగా సాగింది. రోజుకొక వాక్యం తయారుచేసి, భోజనాల వేళ, అప్పుడే తోచినట్టు, భార్య ముందు జారవిడిచేవాణ్ణి.

"ఆ విస్కీ... రేవులో తడిసిన తాడు కాలినట్టుంది కదూ."

"ఊఁ. ఉప్పు సరిపోయిందా?"

బుధవారం: "చలికాచుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయాక మిగిలిన నెగడు లాగా..."

"నీళ్ళ గ్లాసు ఇటు జరపండి."

గురువారం రెండు ఉపమానాలూ ఒక అతిశయోక్తీ ప్రయోగించాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

నవ్వలేదు.

నాకు కావలసిందల్లా ఆ నవ్వు. రాజ్యం అక్కర్లేదు. కనుకొలకుల్లో మొదలై లోపలికి మళ్ళే ఆ నవ్వు... ఒక్కసారి, నా వైపు.

*

శుక్రవారం నా చేతి గడియారం ఆగింది.

ఆగిందంటే, ఆపాను.

మా తోడల్లుడి దుకాణం నాలుగు అడుగుల వెడల్పు. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక మాట మీద ఉండవు. ఈ భిన్నాభిప్రాయాల నడుమ అతడు భూతద్దం బిగించిన కన్నుతో తలెత్తాడు. ఆ కన్ను ఎంత పెద్దదిగా కనిపించిందంటే, నా లోపలిదంతా దానికి కనిపిస్తోందని భయం వేసింది.

"రండన్నయ్యా. కూర్చోండి."

గడియారం ఇచ్చాను. విప్పాడు. చూశాడు.

"దీనికేం కాలేదే. కీ బయటికి లాగి ఉంది, అంతే."

"అలాగా."

"మీరే లాగినట్టున్నారు."

గొంతు సవరించుకున్నాను. ఆదివారం మాట అతడికి ఎలా తట్టిందని అడగాలి, అడిగినట్టు ఉండకూడదు.

"ఆ రోజు నువ్వన్నావే... కాలింది, వాన... బాగా చెప్పావు తమ్ముడూ. ఎప్పటి నుంచీ ఈ కవిత్వం?"

"నాకెక్కడిదన్నయ్యా కవిత్వం. అది నాది కాదు."

"మరి?"

పట్టకారుతో బల్ల మూలను చూపించాడు. దీపం పక్కన ఒక పాత టీ డబ్బా. అంచులు తుప్పు పట్టాయి. మూత లేదు. నిండా మరలు, ఆవగింజంతేసి మరలు.

"పొద్దున దీపం వేస్తే ముందు అదే కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా చదువుతున్నా. విస్కీ నోట్లో పడగానే అదే గుర్తొచ్చింది."

డబ్బా తీసుకున్నాను. మా కంపెనీ ముద్ర. పొగబెట్టిన టీ. ఆ టీ ఎవరూ కొనలేదు. ఒక్క ఏడాదికే ఆపేశారు. మిగిలిన ఖాళీ డబ్బాలను బంధువులందరికీ పంచింది నేనే. డబ్బా నడుమ, వెలిసిన అక్షరాల్లో —

ఎక్కడో ఏదో కాలింది. ఇప్పుడు దాని మీద వాన పడుతోంది.

కింద నా సంతకం.

గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారి ఆగాయి.

ఆగలేదు. నాకలా అనిపించింది.

"మీకు గుర్తొస్తుందని అన్నా," అన్నాడతడు, భూతద్దం తీసి తుడుచుకుంటూ. "అందుకే మీ వైపు చూశా. మీరేమో ఏమీ అనలేదు. నచ్చలేదేమో, మీ మాట మీకే అప్పజెప్పినందుకు కోపం వచ్చిందేమో అనుకున్నా."

రుచి చూసేవాడు రుచిని గుర్తుంచుకుంటాడు. మాటను గుర్తుంచుకోడు. మాటను కూడా ఉమ్మేస్తాడు.

అంటే — అయిదు రోజులుగా నేను రగిలింది నా మీదే. నా ఇంట్లోకి చొరబడి, నా భార్యను నవ్వించిన ఆ ధూర్తుడు, ఆ రసికుడు, ఆ వాగ్దేవతా వరపుత్రుడు... నేనే. ఆ నవ్వు చిరునామా తప్పలేదు. ఆవిడకు గుర్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందటి నా మాటను గుర్తుపట్టి నవ్వింది. అతడు టపా మోసినవాడు మాత్రమే.

లోకంలోకెల్లా మంచివాడు మా తోడల్లుడని నాకు ఆ క్షణంలో తెలిసింది.

"ఈ డబ్బా ఒక్క రోజు ఇస్తావా తమ్ముడూ?"

మరలన్నీ ఒక సాసర్లో పోసి, డబ్బా దులిపి, నా చేతికిచ్చాడు. గడియారానికి కీ నొక్కి అదీ ఇచ్చాడు.

"దీన్ని లాగకండన్నయ్యా," అన్నాడు.

*

వాన మొదలయింది.

కిరీటాన్ని పళ్ళెంలో మోసుకొచ్చే మంత్రిలా డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాను. నా భార్య వంటగదిలో ఉంది. రెండు గ్లాసులు తీశాను. విస్కీ పోశాను. గ్లాసుల నడుమ డబ్బాను, అక్షరాలు ఆవిడ వైపు ఉండేలా నిలబెట్టాను.

చూసింది.

కనుకొలకుల్లో మొదలయింది. చెంపల మీదుగా దిగింది...

"ఆదివారం నువ్వు నవ్వింది దీనికే కదూ," అన్నాను. నా గొంతు నాకే మెత్తగా వినిపించింది. "నా మాటకు."

నవ్వు పెదవుల దగ్గర ఆగింది.

"మీ మాటా?"

"సంతకం చూడు."

"సంతకం మీదే." గ్లాసు అందుకుని కుర్చీలో కూర్చుంది. "మీకు నిజంగా గుర్తులేదా? ఆ వారం మీకు జ్వరం. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఆఫీసులో తెలిస్తే బల్ల మీంచి దింపేస్తారని, ఆ టీ పొట్లం దొంగతనంగా ఇంటికి తెచ్చుకున్నారు."

జలుబు చేసిన రుచిగాడు కుంటివాడైన పరుగుపందెగాడు. దాచడం మా వృత్తిలో అందరూ చేసే తప్పు. జ్వరం గుర్తొచ్చింది. పొట్లం గుర్తురాలేదు.

"కాచి వాసన చూసి చెప్పమన్నారు. నీళ్ళు పెట్టాను. ఈలోగా మీకు ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ కూర్చున్నా. నీళ్ళన్నీ ఇగిరి గిన్నె మాడింది. తీసుకెళ్ళి కిటికీ బయట పెట్టా. వాన పడుతోంది. మీరేమో లోపల్నుంచి ఒకటే గోల, ఎలా ఉంది, ఎలా ఉంది అని."

"అప్పుడు?"

"పొట్లం ఇంకా విప్పనేలేదు. ఏదో ఒకటి చెప్పాలిగా. ముక్కు ముందు ఉన్నది చెప్పా. ఎక్కడో ఏదో మాడింది, దాని మీద వాన పడుతోంది అని. మీరు 'మాడింది' కొట్టేసి 'కాలింది' అని రాశారు."

ఒక్క మాట. ఆ వాక్యంలో నాది ఒక్క మాట.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"డబ్బా అచ్చయి వచ్చాక మీరే తెచ్చి నాకు చదివి వినిపించారు. రెండుసార్లు. ఎలా ఉంది నా వాక్యం అన్నారు." గ్లాసు అంచు వేలితో తుడిచింది. "ఏం చెప్పను?"

"అయితే ఆదివారం..."

"నా మాట ఎవరి నోటనో విన్నా. పద్దెనిమిదేళ్ళ తర్వాత. నవ్వొచ్చింది."

ఆ నవ్వులో అతడు లేడు.

ఆ నవ్వులో నేనూ లేను.

అసూయకు ఒక ముఖం కావాలి. ఆదివారం నుంచి ఉన్న ముఖం పోయింది. మధ్యాహ్నం వచ్చిన ముఖం — నాది — అదీ పోయింది. మంట మాత్రం ఉంది. ఎవరి మీదో తెలియని మంట. ఒంటరిగా కూర్చుని తనలో తాను నవ్వుకోగలిగే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆ సంగతి ఆవిడ మరిది తెచ్చిన చవక విస్కీ వల్ల తెలుసుకున్నవాడి మంట...

గ్లాసు ఎత్తాను. నోట్లోకి తీసుకున్నాను. కాళ్ళు అలవాటు కొద్దీ తొట్టి వైపు కదిలాయి.

ఆగాను.

మింగాను.

గొంతులో పొగ దిగింది. నాలుక ఏనాడూ చూడని చోట్లకు దిగింది. ఛాతీలో ఒక దీపం వెలిగింది, ఆరింది, దాని చుట్టూ వెచ్చదనం మిగిలింది. ఇరవై ఏడేళ్ళుగా నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వచ్చిన ఇల్లు అది.

అప్పుడు వినిపించింది.

సన్నని ధార. రేకు మీద చిన్న మోత.

వంటగది కిటికీ బయట, చూరు కింద, ఒక గిన్నె. అందులో వాన పడుతోంది.

లేచాను. వెళ్ళాను. కిటికీ తీసి, గిన్నెను రెండు చేతులా లోపలికి తీసుకున్నాను. నీళ్ళు ఒలికాయి. పద్దెనిమిదేళ్ళు. నా కీర్తికి తల్లి ఈ గిన్నె. వంగి, కళ్ళు మూసుకుని, ముక్కు పెట్టాను. శాస్త్రోక్తంగా కాదు. ఊరికే, మనిషిలాగా.

ఉంది.

అడుగున, నీళ్ళ కింద, చాలా దూరంలో — పొగ. దాని మీద వాన. ఆరు కప్పుల్లో దొరకనిది ఇక్కడ ఉంది. స్పష్టంగా ఉంది. నా ముక్కు మీద ఒట్టు పెట్టి చెప్పగలను.

"ఉంది," అన్నాను. "ఇంకా ఉంది. ఆ వాసన."

వెనక నుంచి నా భార్య గుటక వేసిన చప్పుడు వినిపించింది.

"అది ఆ గిన్నె కాదండీ," అంది. "దాన్ని అప్పుడే పాతసామాన్లవాడికి వేసేశా. ఇది పోయిన నెల కొన్నది."